పత్తి చేనులో ఫామ్‌హౌస్

దారి అక్కడితో అయిపోయింది!

పరశురాములు బలంగా బ్రేకు తొక్కాడు. గొర్రెలు తోలే చిన్న ట్రాలీ బండి బురదలో అడ్డంగా జారి, ముందుచక్రం గుంతలో దిగబడి ఆగింది. ముసురు. వైపర్ కిర్రు కిర్రుమంటోంది. హెడ్‌లైట్ల వెలుగులో...

పత్తి చేను!

అటు పత్తి. ఇటు పత్తి. ఎదురుగా పత్తి.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది ఫోన్, తీయగా.

"ఏడున్నదే ఇల్లు?" శోభ కూతురి వైపు తిరిగింది.

దీప్తి స్క్రీన్‌ను వేళ్లతో పెద్దది చేసి చూసింది. మ్యాప్‌లో ఎర్రగుర్తు సరిగ్గా వాళ్లున్న చోటే ఉంది. ఫొటోల్లో చూసిందేమిటి? నల్లమల అంచున పెంకుటిల్లు. వాకిట్లో ఉయ్యాల. అరుగు మీద వరసగా పూలకుండీలు.

ఇక్కడేముంది? కరెంటు స్తంభం కూడా లేదు!

"జర ముందల ఉంటదేమో బాపూ..."

"ముందలికి దారేది బిడ్డా?"

మళ్లీ ఫోన్ చేసింది. స్విచాఫ్! పొద్దున్నుంచీ "రండి మేడం, నాటుకోడి వండిస్తున్నా" అన్న నంబర్. అచ్చంపేట చేరేదాకా ఒక్క రింగుకే ఎత్తిన నంబర్. 'ఓనర్ కమలాకర్' అని దీప్తి సేవ్ చేసుకున్న నంబర్!

చేనులోంచి టార్చిలైటు ఊగుతూ వచ్చింది. ప్లాస్టిక్ కవరు కప్పుకున్న ముసలాయన. అడవిపందులకు కాపలా ఉన్నట్టున్నాడు.

"ఎవలయ్యా మీరు?"

"ఈడ ఫామ్‌హౌస్ ఉన్నదంటే వచ్చినం పెద్దమనిషీ" అన్నాడు పరశురాములు, కిటికీలోంచి తల బయటపెట్టి.

ముసలాయన టార్చి దించేశాడు.

"మీరు గూడనా?"

"గూడ అంటే?"

"మొన్న పట్నం నుంచి ఒక కారొచ్చింది. చిన్న చిన్న పోరగాండ్లు. గిట్లనే ఇల్లేదని అడిగిన్రు. నా పేరు గుర్వయ్య, గీ చేను నాదే. ఈడ ఇల్లు లేదు బిడ్డా. ఏనాడూ లేదు."

దీప్తి కళ్లు మూసుకుంది.

మోసం!

డబ్బు పోతే పోయింది. అమ్మా బాపూల ముఖాలు ఎలా చూడాలి? తమ ఊరి పక్కన చిట్యాలలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం దొరికిన రోజే అనుకుంది, వీళ్లని ఒక్కసారి ఎక్కడికైనా తీసుకుపోవాలని. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ శోభ గొర్రెల వాసన లేని చోట ఒక్క రాత్రి పడుకుని ఎరగదు. పరశురాములు మందను వదిలి పొరుగూరి పెళ్లికి కూడా పోడు. "నేనున్న గదా, మీరు పోన్రి వదినే" అని తమ్ముడు సాయిలు బలవంతంగా ఎక్కించి పంపితే... ఇదిగో, ఈ పత్తి చేను!

"పోనీలే బిడ్డా" అంది శోభ మెల్లగా. "బండ్లనే పండుకుందం. గాలి మంచిగొస్తాంది."

ఆ మాటతో దీప్తికి ఏడుపొచ్చింది.

అప్పుడే... చేతిలో ఫోన్ వణికింది!

కమలాకరేమో!

కాదు. కెమెరా యాప్. ఊళ్లో గొర్ల దొంగతనాలు పెరిగాయని తనే పట్టుబట్టి దొడ్డి దగ్గర స్తంభానికి పెట్టించిన కెమెరా. స్క్రీన్ మీద ఒకటే ముక్క:

'కదలిక గుర్తించబడింది.'

చిన్నాయిన సాయిలు లేచాడేమో. నొక్కింది.

స్క్రీన్ మీద లోడింగ్ చక్రం తిరిగింది... తిరిగింది... నలుపు తెలుపు బొమ్మ వచ్చింది.

దొడ్డి తడిక తెరిచి ఉంది! తడికకు ఆనించి డీసీఎం వ్యాన్! ఇద్దరు మనుషులు గొర్రెల్ని కాళ్లు పట్టి లేపి, మూటల్లా లోపలికి విసురుతున్నారు!

"బాపూ!!"

పరశురాములు ఫోన్ లాక్కున్నాడు. చూశాడు. అంతే, గేరు రివర్సుకు పడింది!

చక్రాలు గిర్రున తిరిగాయి. బురద ఎగిరి గుర్వయ్య ముఖాన పడింది. బండి కదల్లేదు!

"దిగున్రి! నూకున్రి!"

శోభ, దీప్తి దూకారు. గుర్వయ్య టార్చి పడేసి భుజం ఆనించాడు. ఒక్క ఊపు... ఇంకో ఊపు... బండి గుంతలోంచి ఎగిరి బయటపడింది!

"పైలం బిడ్డా!" ముసలాయన కేక వెనకపడిపోయింది.

ఎక్కడి అచ్చంపేట! ఎక్కడి చిట్యాల! దిండి దాటాలి. దేవరకొండ దాటాలి. నల్లగొండ దాటాలి. రెక్కలుంటే తప్ప అందే దూరం కాదు. ఆ సంగతి బండిలో ముగ్గురికీ తెలుసు.

"సాయిలుకు ఫోన్ కొట్టు!"

శోభ ఫోన్ అందుకుని కొట్టింది దీప్తి. రింగవుతోంది. తన ఫోన్‌లో, కెమెరా బొమ్మలో, రేకుల కింద నులకమంచం పక్కన చిన్న వెలుగు... సాయిలు ఫోన్! వెలుగుతోంది, ఆరుతోంది. మంచం మీద గొంగడి ముసుగు కదల్లేదు. పొద్దంతా వానలో గొర్రెల వెంట తిరిగి వచ్చాడు. ఒళ్లు తెలియని నిద్ర.

"ఐలేశానికి చెయ్యి! పక్క బాయి కాడనే ఉంటడు!"

ఐలేశం ఎత్తాడు. దేవుడా, ఎత్తాడు!

"ఐలేశం మామా! మా దొడ్డి కాడ దొంగలు పడ్డరు! బిరాన ఉరుకు మామా!"

ధన్ ధన్ ధన్ ధన్! అవతల డీజే మోత!

"ఆఁ? ఎవలు? ఇనవడ్తలేదు! బరాత్‌ల ఉన్న! పొద్దుగాల మాట్లాడుదం!"

కట్!

ఊరు ఊరంతా ఆ పెళ్లి బరాత్‌లోనే ఉంది. దొడ్డేమో ఊరికి దూరంగా ఉంది. ఇక అరిస్తే వినేదెవరు?

వినేది ఒక్కటే ఉంది. కెమెరా!

దానికి స్పీకర్ ఉంది. ఇక్కడ మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అక్కడ వినబడుతుంది, అక్కడి మాట ఇక్కడికీ వస్తుంది. దీప్తి వేలు ఆ బొమ్మ మీద పడింది.

"చిన్నాయినా! లేవు! దొంగలు! లేవు చిన్నాయినా!"

ఏమీ కాలేదు. వాళ్లు గొర్రెల్ని విసురుతూనే ఉన్నారు. సిగ్నల్ ఒక్క గీత...

మాట పోలేదా?

ఒక్కసారిగా ఇద్దరూ బొమ్మల్లా ఆగిపోయారు. తలలెత్తి కెమెరా వైపు చూశారు.

పోయింది! ఆలస్యంగానైనా పోయింది!

గొంగడి ఎగిరిపడింది. సాయిలు లేచి కూర్చున్నాడు. క్షణం బిత్తరపోయాడు. మరుక్షణం మంచం కింది కర్ర చేతికొచ్చింది!

"లేచిండు బాపూ! చిన్నాయిన లేచిండు!"

"కొట్టురా తమ్మీ!" పరశురాములు స్టీరింగు మీద గుద్దాడు. "ఇడువకు!"

సాయిలు ఉరికాడు. మొదటి దెబ్బకు ఒకడు కూలాడు. రెండో దెబ్బ గాల్లోకి లేచింది...

వెనక నుంచి ఇనుపరాడ్!

సాయిలు నిలబడ్డ చోటే మోకాళ్ల మీద కూలాడు. బోర్లా పడ్డాడు.

దీప్తి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. శబ్దం మాత్రం వచ్చేసింది.

"ఏమైంది? ఏమైందే?" శోభ స్క్రీన్ మీదికి వంగింది. చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమైందో చెప్పున్రి!" పరశురాములు గొంతు పగిలింది. చూపు రోడ్డు మీద, చెవి వాళ్ల మీద.

డీసీఎం క్యాబిన్ తలుపు తెరుచుకుంది. మూడోవాడు దిగాడు. తొందరేం లేదు. గొర్రెల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా కెమెరా కింద నిలబడ్డాడు. ముఖానికి కట్టుకున్న రుమాలు గడ్డం కిందికి లాగాడు.

నవ్వాడు.

"దీప్తి మేడం... ఇల్లు దొరికిందా?"

ఆ గొంతు!

రోజూ విన్న గొంతు. 'ఓనర్ కమలాకర్' గొంతు!

ఇన్నాళ్లూ వాడన్న మాటలు! ఒక్కొక్కటే ఆమె చెవుల్లో మోగుతోంది. యాప్‌లో కట్టకండి మేడం, కమీషన్ దండగ. ఇంకో పార్టీ అడుగుతోంది మేడం, ఇప్పుడే కట్టేయండి. వీడియో కాల్ చేసి ఇల్లు చూపించమంటే, ఇక్కడ సిగ్నల్ ఉండదు మేడం! సిగ్నల్ లేని చోటి నుంచి పూటకోసారి ఎలా ఫోన్ చేశాడు? ఒక్కసారైనా అనుకుందా? అందరి ఆధార్లూ పంపింది. అందులో ఊరు, ఇల్లు, వాకిలి... అన్నీ పంపింది!

చివరి మాట అయితే మరీ మర్యాదగా అడిగాడు. ఇంటి దగ్గర ఎవరూ ఉండరా మేడం? అందరూ వస్తే పెద్ద గది ఇస్తాను.

"మా చిన్నాయిన ఒక్కడే సార్, గొర్ల కాడ ఉంటడు" అని నవ్వుతూ చెప్పింది. తన నోటితో తనే చెప్పింది!

"మంచిగ పండుకున్న మనిషిని లేపినవ్" అంటున్నాడు వాడు. మేడం పోయింది. మర్యాద పోయింది. "నువ్వు ఒర్రకుంటే గొర్లొక్కటే పోతుండె. ఇప్పుడు సూడు, మనిషే పండిండు."

"అన్నా... నీ కాళ్లు మొక్కుత" మైకు నొక్కింది. "గొర్లు తీస్కపో అన్నా. మా చిన్నాయినను ఏం జెయ్యకు. దవాఖానల పడేసి పోన్రి అన్నా..."

మాట చేరేలోపే వాడు వెనక్కి తిరిగాడు. డీసీఎం తలుపు ధడాలున మూసుకుంది.

శోభ ఫోన్ నుంచి పోలీసుల నూరు నంబరుకు కొట్టింది దీప్తి. అవతల ఆడగొంతు, నిదానంగా. ఊరు? బండి రంగు? నంబర్?

"నంబర్ కనిపిస్తలేదు మేడం, మట్టి పూసిన్రు! రంగు గూడ తెలుస్తలేదు. పైన పట్టా కప్పిన్రు. వెనకాల ఒక్క లైటే ఉన్నది! మా చిన్నాయిన తల పగిలింది మేడం, లేస్తలేడు!"

"ఏడ్వకమ్మా. హైవే మీద మా గస్తీ బండి ఉన్నది, అడ్డం పెడతరు. అంబులెన్సు గూడ పంపుతున్న. ఫోన్ దగ్గర పెట్టుకో."

కెమెరాలో డీసీఎం కదిలింది. వెనక ఒక్కటే లైటు. చీకట్లో కలిసిపోయింది.

దొడ్డి ఖాళీ. తడిక పక్కన కుక్క, ఏం తినిపించారో, కాళ్లు చాపి పడి ఉంది. మధ్యలో సాయిలు. బోర్లా.

కదలడం లేదు.

ట్రాలీ మలుపులో ఊగింది. పరశురాములు పళ్లు బిగించి నడుపుతున్నాడు. చెమటో, వానో, ముఖం తడిసిపోయింది.

"బాపూ... గొర్లన్నీ..."

"పోతే పోనియ్!" అరిచాడు. వెంటనే గొంతు దిగిపోయింది. "గొర్లు మల్ల కొనుక్కుంటం బిడ్డా. వాడు కదులుతున్నడా సూడు. జర మంచిగ సూడు."

చూస్తూనే ఉంది. కళ్లు మండుతున్నాయి. చిన్నప్పుడు మెడ మీద ఎక్కించుకుని వాగులు దాటించిన మనిషి. ఆమె చదువు కోసం తన పొట్టేళ్లను అమ్మి, ఆ మాట ఎవరితోనూ అనని మనిషి. తను అరవకపోతే ఇంకా నిద్రపోతూ ఉండేవాడు. హాయిగా... గొంగడి కింద...

స్క్రీన్ ఆగిపోయింది!

'నెట్‌వర్క్ లేదు.'

"సిగ్నల్ పోయింది! బాపూ, బిరాన పో!"

ఎంత తొక్కినా అంతకంటే పోదు ఆ బండి. ఇంజను అరుస్తోంది. శోభ దేవుళ్లందర్నీ వరసగా పిలుస్తోంది. దీప్తి ఫోన్‌ను అద్దానికి ఆనించింది, కిటికీ బయటికి పెట్టింది, తల మీదికి లేపింది. గీత రాదు. రాదు... రాదు...

వచ్చింది!

బొమ్మ వచ్చింది. దొడ్డి. తడిక. కుక్క.

సాయిలు లేడు!

పడి ఉన్న చోట నల్లటి తడి మాత్రమే ఉంది.

"అమ్మా... చిన్నాయిన లేడే! ఎత్తుకపోయిన్రా?"

అంతలో స్క్రీన్ నిండా ఒక ముఖం! చెదిరిన జుట్టు. చెంప మీదుగా నెత్తురు. గొర్రెలకు పెట్టే ఉప్పుబస్తాల మీద ఎక్కి కెమెరాలోకి తొంగి చూస్తున్నాడు.

సాయిలు!

"దీప్తీ... ఇనవడుతున్నదా బిడ్డా?"

బండిలో ముగ్గురూ ఒక్కసారే అరిచారు. ఏడుపో నవ్వో తెలియని అరుపు. పరశురాములు ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఇనవడుతున్నది చిన్నాయినా! కూసో! నిలవడకు! అంబులెన్స్ వస్తాంది!"

కొంత ఆగి అతనికి మాట చేరింది. తలకు రుమాలు చుట్టుకుంటూ దిగాడు. తూలాడు. మంచం పట్టుకుని నిలబడ్డాడు.

"గొర్లు పోయినయ్ బిడ్డా. ఒక్కటి గూడ ఇడువలే. అన్నకు నేనేం ముఖం జూపియ్యాలె?"

"నువ్వుంటే సాలురా తమ్మీ!" పరశురాములు ఫోన్ వైపు వంగి అరిచాడు. "నువ్వుంటే సాలు!"

శోభ ఫోన్ మోగింది.

"ఎస్సైని మాట్లాడుతున్న. దీప్తి నువ్వేనా అమ్మా?"

"నేనే సార్!"

"డీసీఎం దొరికింది! హైవే మీద పట్టుకున్నం. మీ గొర్లన్నీ లోపలనే ఉన్నయ్. ఫికర్ జెయ్యకున్రి."

"దొరికినయ్!!" దీప్తి కేకకు బండి పక్కకు కోసుకుపోయింది. శోభ భర్త భుజం పట్టుకుని గుంజింది. మైకు నొక్కింది దీప్తి. "చిన్నాయినా! గొర్లు దొరికినయ్! పోలీసోళ్లు పట్టుకున్నరు! ఆడనే కూసో, నీ కాడికి గూడ వస్తరు!"

మాట చేరింది. సాయిలు ఆకాశానికి దండం పెట్టాడు. మంచం మీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"సార్... మీ కాళ్లకు దండం సార్" దీప్తికి మాటలు తడబడుతున్నాయి. "ఆ కమలాకర్‌గాన్ని ఇడువకున్రి సార్!"

అవతల వైర్‌లెస్ సెట్టు గరగరలాడింది.

"అదే అడుగుదామని చేసినమ్మా. ఇద్దరే దొరికిన్రు. మూడోటోడు లేడు."

"లేడా?"

"ఊరి పొలిమేరల దిగిపోయిండంట. మీ దొడ్డి కాడ కెమెరా ఉన్నదా?"

"ఉన్నది సార్."

"దాంట్ల వాని ముఖం పడ్డదంట గద. రికార్డయితదని డ్రైవర్ చెప్పేదాంక వానికి తెల్వదు. కెమెరల మెమరీ కార్డు గుంజుకొస్తనని వాపస్ పోయిండు. వాని కాడ నాటు తుపాకి, తపంచా, ఉన్నదంటున్నరు." ఎస్సై గొంతు గట్టిపడింది. "మా ఇంకో బండి బయల్దేరింది. జర టైం పడ్తది. ఆడ మీవోళ్లు ఎవలన్న ఉన్నరా?"

దీప్తి చప్పున తన ఫోన్ ఎత్తింది.

స్క్రీన్ వైపు చూసింది.

తడిక దగ్గర టార్చి వెలుగు. ఎవరో వస్తున్నారు. ఒక్కడే. నెమ్మదిగా.

సాయిలు లేచాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. అతని ముఖం వెలిగింది.

"సార్లొచ్చిన్రు బిడ్డా! పోలీసు సార్లొచ్చిన్రు!"

"చిన్నాయినా!!"

మైకు బొమ్మను వేలితో అదిమింది. గోరు తెల్లబడేలా అదిమింది.

"చిన్నాయినా ఉరుకు! వాడు పోలీసు కాదు! ఉరుకు చిన్నాయినా!"

చక్రం తిరుగుతోంది. ఒక్క గీత. చక్రం తిరుగుతోంది.

సాయిలు తలకు చుట్టిన రుమాలు విప్పాడు. పెద్దవాళ్లు ఎదురైతే విప్పినట్టు, మర్యాదగా. రెండు చేతులూ జోడించాడు. తూలుతూనే టార్చి వెలుగుకు ఎదురు నడుస్తున్నాడు.

"ఎల్లిపో సాయిలూ!" శోభ కూడా అరుస్తోంది. "తమ్మీ!" పరశురాములు అరుస్తున్నాడు. బండి రోడ్డు దిగింది. ఎవరికీ పట్టలేదు.

చక్రం తిరుగుతోంది...

"దండాలు సారూ" అంటున్నాడు సాయిలు. "నా బిడ్డ సూసింది సారూ. ఆ కెమెరల నుంచి నా బిడ్డనే నన్ను లేపింది..."

టార్చి ఆరింది.

ఢాం!

స్క్రీన్ తెల్లగా మెరిసి, మళ్లీ కనబడింది. సాయిలు వెల్లకిలా పడి ఉన్నాడు. జోడించిన చేతులు విడిపోయి, చెరో వైపు పడ్డాయి.

అప్పుడు... అప్పుడు వినబడింది. ఖాళీ దొడ్డిలో, స్తంభం మీద నుంచి, పెద్దగా, స్పష్టంగా... దీప్తి గొంతు!

"చిన్నాయినా ఉరుకు! వాడు పోలీసు కాదు! ఉరుకు చిన్నాయినా!"